చలాన్ సరిపోతుంది, మనిషి లెక్కే తప్పుతుంది

ప్రావిడెంట్ ఫండ్ ఆఫీసుకి ఒక కార్మికురాలి నెల అంటే ఒక్క వరుస. అది ఇలా ఉంటుంది:

1012#~#కె లక్ష్మి#~#16000#~#14000#~#14000#~#14000#~#1680#~#1166#~#514#~#2#~#0

అసలు ఫైల్లో పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, మొదటి నంబరు పూర్తి పన్నెండు అంకెల్లో ఉంటాయన్నది తప్పిస్తే రూపం ఇదే. మొత్తం పదకొండు గడులు. మధ్యలో కనిపించే ఆ వింత గుర్తులు గడికీ గడికీ మధ్య గోడలు. మొదటిది యూఏఎన్, అంటే ఆ మనిషి పీఎఫ్ నంబరు, రెండోది పేరు, మూడోది మొత్తం జీతం. తర్వాతి మూడు గడుల్లో పీఎఫ్‌కి, పింఛనుకి, బీమాకి లెక్కలోకి వచ్చే జీతాలు. 1,680 అంటే ఉద్యోగి జీతంలోంచి కోసిన 12 శాతం. యజమాని కూడా అంతే కడతాడు గానీ అందులో 8.33 శాతం, అంటే 1,166 రూపాయలు, పింఛను ఖాతాకు పోయి మిగిలిన 514 మాత్రమే పీఎఫ్‌లో చేరుతుంది. చివరి నుంచి రెండో గడిలో ఉన్న 2, ఆ నెలలో జీతం లేకుండా పోయిన రోజులు. ఆఖరి సున్నా, అడ్వాన్సు ఏమైనా తిరిగి కట్టి ఉంటే ఆ మొత్తం వేసే చోటు.

ఈ వరుసలన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లో పేర్చి ప్రతి నెలా 15వ తేదీలోగా పోర్టల్‌లోకి ఎక్కించి, వచ్చిన చలాన్ మీద డబ్బు కట్టాలి. దీన్నే ఈసీఆర్ అంటారు. 2012 ఏప్రిల్‌కి ముందు ఇదంతా కాగితం మీద నడిచేది. ఏడాది చివర 3ఏ, 6ఏ ఫారాలు నింపి పంపితే, ఆఫీసులో వాటిని ఎవరో కూర్చుని ఎక్కించుకునేవారు. కార్మికుడి చేతికి స్లిప్పు ఎప్పుడొస్తే అప్పుడే. 2014 అక్టోబరులో యూఏఎన్ వచ్చాక మనిషి ఎన్ని కంపెనీలు మారినా నంబరు ఒక్కటే అయింది. కాగితం పోయింది. కానీ టైపు చేసే చెయ్యి పోలేదు, పీఎఫ్ ఆఫీసు గుమాస్తా దగ్గర్నుంచి కంపెనీ గుమాస్తా దగ్గరికి మారిందంతే.

పెద్ద కంపెనీల్లో పేరోల్ సాఫ్ట్‌వేరే ఈ ఫైలు తయారు చేసి పెడుతుంది. జీడిమెట్లలోనో పటాన్‌చెరులోనో ముప్ఫై మంది పనిచేసే చిన్న యూనిట్‌లో, గుంటూరు దగ్గరి స్పిన్నింగ్ మిల్లుకు మనుషుల్ని పంపే కాంట్రాక్టరు దగ్గర, భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో, సెక్యూరిటీ ఏజెన్సీల్లో కథ వేరు. అక్కడ సూపర్‌వైజర్ మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, వచ్చినవాళ్లకి పీ, రానివాళ్లకి ఏ గుర్తులు పెడతాడు. నెలాఖరున దాన్ని ఫోనులో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. అకౌంట్స్ చూసే అమ్మాయి ఆ ఫొటో పెద్దది చేసుకుంటూ ఎక్సెల్‌లో రోజులు కొడుతుంది. ఆ ఎక్సెల్ పీఎఫ్ కన్సల్టెంట్‌కి చేరుతుంది. ఆయన దగ్గర అలాంటి ఫైళ్లు ఇంకో నలభై ఉంటాయి. 14వ తేదీ రాత్రి పోర్టల్ నత్తనడక నడుస్తుంటే ఒక్కోటీ ఎక్కిస్తాడు. అంటే ఒక మనిషి నెల లెక్క నాలుగు చేతులు మారి పోర్టల్‌కి చేరుతుంది. ఆ నాలుగు చేతుల్లో ఒక్కటి కూడా ఆ మనిషిది కాదు.

పోర్టల్ ఏం చూస్తుంది, ఏం చూడదు

ఫైలు ఎక్కించగానే పోర్టల్ తనిఖీ చేస్తుంది. గడులు పదకొండూ ఉన్నాయా, యూఏఎన్ నిజమైనదేనా, పింఛను జీతం 15,000 పరిమితి దాటిందా, శాతాల లెక్క కుదిరిందా అన్నవి చూస్తుంది. తేడా ఉంటే ఎర్రర్ ఫైలు ఇస్తుంది. దాంతో ఒక భరోసా పుట్టుకొస్తుంది: పోర్టల్ ఒప్పుకుందంటే ఫైలు కరెక్టేనని. ఇక్కడే అసలు చిక్కు. పోర్టల్ చూసేది ఫైలు ఆకారాన్ని. లోపలి నిజాన్ని కాదు, దాన్ని చూసే దారి కూడా దానికి లేదు.

ఒక ఉదాహరణ తీసుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. యూఏఎన్‌లు, పేర్లు ఒక షీట్‌లో ఉన్నాయి. జీతాలు ఇంకో షీట్‌లో ఉన్నాయి. మధ్యలో ఒకరు మానేశారు. పేర్ల షీట్‌లో ఆ వరుస తీసేశారు. జీతాల షీట్‌లో తీయడం మరిచిపోయారు. రెండూ పక్కపక్కన అతికిస్తే ఆ వరుస కింద నుంచి అందరి జీతాలూ ఒక మెట్టు జారతాయి. మానేసినవాడి జీతం లక్ష్మికి, లక్ష్మి జీతం రమణకి, రమణ జీతం ఆ కిందివాడికి. చివర్లో ఒక అంకె మిగిలిపోతుంది, గమనిస్తే అదొక్కటే ఆధారం. ఇప్పుడు పోర్టల్ కళ్లతో చూద్దాం. యూఏఎన్ కరెక్టే. పేరు దానికి సరిపోయింది. ఆ వరుసలో ఉన్న జీతం మీద 12 శాతం, 8.33 శాతం లెక్క పైసా తేడా లేకుండా వచ్చింది. ఎర్రర్ సున్నా. ఇద్దరి జీతాలు పొరపాటున అటూ ఇటూ అయితే ఇంకా గమ్మత్తు. చలాన్ మొత్తం కూడా అణా పైసలతో సరిపోతుంది. బ్యాంకులోంచి పోయిన డబ్బు, లెడ్జర్‌లో రాసిన డబ్బు, పోర్టల్ చూపే డబ్బు మూడూ ఒకటే. ఆడిటరు టిక్కు పెట్టి వెళ్లిపోతాడు.

మొత్తం సరిపోవడం కంపెనీకి కావాలి. వరుస సరిగ్గా ఉండటం మనిషికి కావాలి. చేత్తో ఎక్కించే పద్ధతిలో తనిఖీలన్నీ మొదటిదానికే ఉన్నాయి, రెండోదాన్ని అడిగే నాథుడు లేడు.

పైగా కిందటి నెల ఫైలు తెరిచి, రోజులు మార్చి, కొత్త పేరుతో సేవ్ చేయడం అందరికీ ఉన్న అలవాటు. తప్పు కాదు, పని తొందరగా అవుతుంది. కానీ ఒకసారి దూరిన తప్పు అలా నెలనెలా కొత్త చలాన్ నంబరుతో మళ్లీ పుడుతుంటుంది. పన్నెండు నెలలు తిరిగేసరికి అది తప్పులా కనిపించదు. రికార్డులా కనిపిస్తుంది.

ఎక్సెల్ చేసే మేలు

ఎక్సెల్‌ని నిందించడం ఒక కాలక్షేపం అయిపోయింది గానీ, ఈ పనిలో దాని పాత్రను దగ్గరగా చూడటం అవసరం. యూఏఎన్ పన్నెండు అంకెలు. ఆధార్ కూడా పన్నెండే. మామూలు గడిలో పన్నెండు అంకెలు కొడితే ఎక్సెల్ దాన్ని ఒక సంఖ్య అనుకుని 1.01, పక్కన ఒక ఈ అక్షరం, ప్లస్ 11 అని కుదించి చూపిస్తుంది. లోపల అసలు అంకెలు ఉంటాయి. కానీ ఆ షీట్‌ను అలాగే కామాలతో విడదీసిన ఫైలుగా సేవ్ చేస్తే కుదించిన రూపమే మిగులుతుంది, చివరి అంకెలు గల్లంతు. బ్యాంకు ఖాతా నంబరు ముందు సున్నాలుంటే అవి ఎగిరిపోతాయి. పదిహేను అంకెలు దాటిన నంబరైతే ఆ పైన ఉన్న అంకెలన్నిటినీ సున్నాలు చేసి కూర్చుంటుంది, ఒక్క మాట కూడా చెప్పదు.

వీటిలో చాలావరకు పోర్టల్ దగ్గర పట్టుబడతాయి. పట్టుబడనిది తేదీ. మన పద్ధతిలో రోజు ముందు, నెల తర్వాత. కంప్యూటరు అమెరికా సెట్టింగ్‌లో ఉంటే నెల ముందు, రోజు తర్వాత. 05/08/1990 అని కొడితే ఆగస్టు 5 కాస్తా మే 8 అవుతుంది. 25/08/1990 అని కొడితే ఇరవై అయిదో నెల లేదు కాబట్టి అది తేదీగా మారదు, గడిలో ఎడమ పక్కకు అతుక్కుని వింతగా కనిపిస్తుంది, ఎవరో ఒకరు గమనిస్తారు. అంటే రోజు 12 దాటితే తప్పు కంటికి కనిపిస్తుంది, 12 లోపుంటే నిశ్శబ్దంగా తిరగబడుతుంది. ఏడాదికి అలాంటి తేదీలు 144. అందులో జనవరి 1, ఫిబ్రవరి 2 లాంటి పన్నెండు తిరగబడినా తేడా రాదు. మిగిలిన 132 తేదీల్లో పుట్టినవాళ్లు, చేరినవాళ్లు, మానేసినవాళ్లు ఈ వలలో పడే అవకాశం ఉంది. ఏడాదిలో మూడో వంతు కన్నా ఎక్కువే.

చేరిన తేదీ, మానేసిన తేదీ తిరగబడితే ఏమవుతుందో కంపెనీ మారినప్పుడే తెలుస్తుంది. పాత చోట మానేసింది మార్చి 4 అయితే రికార్డులో ఏప్రిల్ 3 అని ఉంటుంది. కొత్త చోట చేరింది మార్చి 10. ఒకే మనిషి దాదాపు నెల రోజుల పాటు రెండు చోట్ల పనిచేసినట్టు లెక్క. ఇలాంటి అతివ్యాప్తి కారణంగా పీఎఫ్ ట్రాన్స్‌ఫర్ దరఖాస్తులు వెనక్కి రావడం కార్మికులకు బాగా తెలిసిన బాధ.

ఇంటిపేరు ఎక్కడ పెట్టాలి

తెలుగువాళ్ల పేర్లకి ఈ వ్యవస్థలో ప్రత్యేకమైన అవస్థ ఉంది. ఇంటిపేరు ముందు, పేరు వెనక రావడం మన వాడుక. స్కూల్లో, మస్టర్‌లో, రేషన్ కార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా కుదించుకుపోతుంది. ఆధార్‌లో అది పూర్తిగా ఉంటుంది, కొందరికి ముందు, కొందరికి చివర. ఒకే మనిషి మస్టర్‌లో కె లక్ష్మి, ఆధార్‌లో కోట లక్ష్మి, బ్యాంకులో లక్ష్మి కోట. మనకి ఇందులో సందేహమే లేదు, ముగ్గురూ ఒక్కరే. యంత్రానికి ముగ్గురు వేర్వేరు మనుషులు.

దీనికి తోడు ఇంగ్లిష్ స్పెల్లింగు. లక్ష్మిలో ‘క్ష’కి ఎక్స్ ఒక్కటి చాలని కొందరు, కే, ఎస్, హెచ్ మూడూ ఉండాలని కొందరు. సుజాత చివర ‘త’కి మనం టీ పక్కన హెచ్ పెడతాం. ఉత్తరాది వాళ్లు పెట్టరు, వాళ్లకి ఆ హెచ్ ‘థ’ అన్నమాట. వెంకటేశ్వర్లుని ఎన్ని రకాలుగా రాయొచ్చో లెక్క పెట్టడం దండగ. సుబ్బారావు మధ్యలో ఖాళీ ఉండాలా వద్దా అన్నది రాసే రోజు మూడ్‌ని బట్టి ఉంటుంది. ఇదే బాధ రెండో వైపు నుంచి కూడా ఉంది. హైదరాబాద్ కట్టడాల మీద పనిచేసే ఒడిశా, బిహార్ కూలీల పేర్లు తెలుగు సూపర్‌వైజర్ చెవికి ఎలా వినిపిస్తే అలా మస్టర్‌లోకి ఎక్కుతాయి, అక్కడ్నుంచి షీట్‌లోకి.

ఆడవాళ్లకి ఇంకో మెలిక. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారుతుంది, పీఎఫ్‌లో పుట్టింటి ఇంటిపేరే ఉండిపోతుంది. తండ్రి లేదా భర్త పేరు అని ఒకే గడి ఉన్న ఫారంలో తండ్రి పేరు రాసి, పక్కన సంబంధం దగ్గర భర్త అని టిక్కు పెట్టిన రికార్డులు కోకొల్లలు. పుట్టిన తేదీ సంగతి చెప్పే పని లేదు. బడి మొహం చూడని తరంలో జనవరి 1న పుట్టినవాళ్లు ఆశ్చర్యపోయేంత మంది ఉంటారు. 2024 జనవరిలో పీఎఫ్ సంస్థ పుట్టిన తేదీకి ఆధార్‌ను రుజువుగా ఒప్పుకోబోమని తేల్చేశాక, టెన్త్ సర్టిఫికెట్ లేని కార్మికులకి ఆ తేదీ దిద్దించుకోవడం మరింత కష్టమైంది.

ఒకప్పుడు ఈ తేడాలున్నా బండి నడిచేది. 2021లో ఆ వెసులుబాటు పోయింది. ఆధార్‌తో జతపడని యూఏఎన్‌కి ఈసీఆర్ ఎక్కించడం కుదరదన్నారు. ముందు జూన్ 1 అని, తర్వాత గడువు పెంచి సెప్టెంబరు 1 నుంచి అని చెప్పారు. పేరు కలవకపోతే జత పడదు. జత పడకపోతే ఆ మనిషికి ఆ నెల డబ్బు కట్టడానికే వీల్లేదు. అప్పుడు కొన్ని చోట్ల జరిగిందేమిటంటే, జత పడినవాళ్ల వరకు ఫైలు ఎక్కించి మిగతావాళ్లని తర్వాత చూద్దామని పక్కన పెట్టారు. ఆ ‘తర్వాత’ కొందరికి రానేలేదు.

బ్యాంకు వివరాల్లోనూ తెలుగు నేలకి సంబంధించిన చిక్కు ఒకటుంది. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ తర్వాత శాఖల ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు మారాయి. రెండు రాష్ట్రాల్లో జీతాల ఖాతాలు, పొదుపు ఖాతాలు ఆ బ్యాంకులో ఉన్న కార్మికులు తక్కువమంది కాదు. పీఎఫ్ రికార్డులో పాత కోడ్ అలాగే ఉండిపోతే, క్లెయిమ్ మంజూరైనా డబ్బు చేరదు. కోడ్‌లో అయిదో స్థానంలో ఉండేది సున్నా అని తెలియక ఇంగ్లిష్ ‘ఓ’ అక్షరం కొట్టేవాళ్లు సరేసరి.

తప్పు ఒకరిది, తెలిసేది ఇంకొకరికి

ఈ పొరపాట్లన్నిటికీ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. జరిగిన రోజు వీటి వల్ల ఎవరికీ ఏ నొప్పీ ఉండదు. తప్పు జరిగిన చోటుకీ నష్టం తేలే చోటుకీ మధ్య ఏళ్ల దూరం.

పింఛను తీసుకుందాం. నెలనెలా పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. ఆరు నెలలు, ఆపైన ఉంటే పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి తొమ్మిదేళ్ల ఆరు నెలలున్నా చాలు. తొమ్మిదేళ్ల అయిదు నెలలైతే ఒకేసారి ఇచ్చే కొంత డబ్బు తీసుకుని వెళ్లిపోవాల్సిందే. 15,000 జీతం మీద పదేళ్ల సర్వీసుకి లెక్క కడితే నెలకి సుమారు 2,143 రూపాయల పింఛను వస్తుంది, ఆ మనిషి పోయాక భార్యకో భర్తకో అందులో కొంత భాగం వస్తుంది. మరీ తక్కువ వచ్చేవాళ్లకి నెలకి 1,000 రూపాయల కనీస పింఛను ఉంది. అంచు మీద ఉన్నవాళ్లకి ఒక్క నెల వరుస లేకపోవడం అంటే జీవితకాలపు పింఛను లేకపోవడమే. ఆధార్ జత పడలేదని పక్కన పెట్టిన ఆ ఒక్క నెలే అది కావచ్చు. చివరి నుంచి రెండో గడిలో 2 బదులు 22 కొట్టడమూ కావచ్చు. ఆ గడిలో పడే అంకె సర్వీసులోంచి రోజుల్ని కోసేస్తుంది.

బీమా సంగతి ఇంకా కఠినం. ఉద్యోగంలో ఉండగా కార్మికుడు చనిపోతే కుటుంబానికి వచ్చే బీమాని చివరి పన్నెండు నెలల సగటు జీతానికి 35 రెట్లు, దానికి తోడు ఖాతాలో సగటు నిల్వలో సగం అని లెక్క కడతారు. జీతానికి పరిమితి 15,000, నిల్వ భాగానికి 1,75,000, మొత్తం 7 లక్షలు దాటదు. ఇందాక చెప్పుకున్న జారిపోయిన వరుసని గుర్తు తెచ్చుకుంటే, 14,000 జీతం ఉన్న మనిషి పక్కన 9,000 పడి, ఆ ఫైలే ఏడాది పొడవునా కాపీ అయితే తేడా 5,000కి 35 రెట్లు. అంటే 1,75,000 రూపాయలు. ఆ కుటుంబానికి అసలు తేడా ఉందనే తెలియదు. పేపర్లో ఎంతుంటే అంతే మన రుణం అనుకుని సంతకం పెడతారు.

మరోవైపు వేయకూడని చోట డబ్బు వేయడం కూడా తప్పే. 2014 సెప్టెంబరు 1 తర్వాత కొత్తగా సభ్యుడై, జీతం 15,000 దాటినవాడికి పింఛను పథకంలో చోటు లేదు. అతని వరుసలో యజమాని వాటా మొత్తం పీఎఫ్‌కే పోవాలి. పక్క వరుస ఫార్ములా కిందికి లాగేటప్పుడు 1,250 అక్కడా పడిపోతుంది. 58 ఏళ్లు నిండినవాళ్ల విషయంలోనూ ఇంతే. ఇది పదేళ్ల తర్వాత క్లెయిమ్ పెట్టినప్పుడు బయటపడుతుంది. అప్పటికి ఆ గుమాస్తా ఊరు మారి ఉంటాడు, కన్సల్టెంట్ ఇంకొకరై ఉంటాడు, ఒక్కోసారి కంపెనీయే ఉండదు.

దిద్దుబాటు దారులు లేవని కాదు. 2023 ఆగస్టులో జాయింట్ డిక్లరేషన్‌కి ఒక పద్ధతి ఖాయం చేశారు. పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, మానేసిన తేదీ వంటి పదకొండు వివరాలు ఉద్యోగి, యజమాని కలిసి అడిగితే మారుస్తారు. మూతపడిన కంపెనీ అయితే గెజిటెడ్ అధికారి వంటివారి ధ్రువీకరణ తెచ్చుకోవాలి. 2025 జనవరి నుంచి కాస్త తేలికైంది. 2017 అక్టోబరు 1 తర్వాత యూఏఎన్ వచ్చి, ఆధార్‌తో సరిపోయినవాళ్లు చాలా వివరాలు యజమాని ప్రమేయం లేకుండా తామే మార్చుకోవచ్చు. ఆ తేదీకి ముందువాళ్లు, అంటే ఎక్కువ సర్వీసు ఉన్నవాళ్లు, పింఛనుకి దగ్గరపడ్డవాళ్లు, ఈ సదుపాయానికి బయటే ఉండిపోవడం విచిత్రం. జీతం అంకె తప్పు పడితే మాత్రం ఈ పదకొండులో దానికి చోటే లేదు.

చట్టం దేనికి శిక్ష వేస్తుంది

ఇంత తెలిసీ ఎవరూ ఒకటికి రెండుసార్లు ఎందుకు చూసుకోరన్న ప్రశ్నకి నిర్లక్ష్యం అని జవాబు చెప్పేయడం తేలిక. అది పూర్తి జవాబు కాదు. శిక్షలు ఎటు ఉంటే జాగ్రత్త అటు పోతుంది.

15వ తేదీ దాటితే పీఎఫ్ చట్టంలోని సెక్షన్ 7క్యూ కింద ఏడాదికి 12 శాతం వడ్డీ. దాని మీద 14బీ కింద నష్టపరిహారం. ఒకప్పుడు ఆలస్యాన్ని బట్టి 5 నుంచి 25 శాతం దాకా ఉండేది, 2024 జూన్ 14 నుంచి నెలకి ఒక శాతం చేశారు. గడువు మీద అయిదు రోజుల వెసులుబాటు కూడా ఒకప్పుడు ఉండేది, 2016లో దాన్ని తీసేశారు. వీటన్నిటినీ మించిన దెబ్బ ఆదాయపు పన్నులో పడింది. ఉద్యోగి జీతంలోంచి కోసిన వాటాని గడువు దాటాక కడితే దాన్ని ఖర్చుగా చూపడానికి వీల్లేదని 2022 అక్టోబరులో చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో ఒక్కరోజు ఆలస్యమైనా సరే ఆ మొత్తం యజమాని ఆదాయమైపోయే పరిస్థితి వచ్చింది. ఈ తీర్పు తర్వాత 15వ తేదీ అంటే అకౌంటెంట్లకి పరీక్ష రాసే రోజులా తయారైంది. పీఎఫ్ వంటి చట్టాలని ఒక్కచోట కలిపిన సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చినా కన్సల్టెంట్ల నోట ఇప్పటికీ ఆడేవి ఆ 7క్యూ, 14బీలే.

సకాలంలో తప్పుడు ఫైలు ఎక్కించినవాడికి ఇలా తేదీతో సహా వెంటపడే శిక్ష ఏదీ లేదు. ఒక రోజు ఆలస్యంగా సరైన ఫైలు ఎక్కించినవాడికి దెబ్బ మీద దెబ్బ. ఈ రెంటిలో ఏది ఎంచుకోవాలో 14వ తేదీ రాత్రి సర్వర్ మొరాయిస్తున్న వేళ ఎవరూ ఆలోచించక్కర్లేదు. చట్టం గడువుని కాపాడింది, వరుసని గుమాస్తా ఓపికకి వదిలేసింది.

కాంట్రాక్టు పనుల్లో ఇది ఇంకో మెట్టు దిగజారుతుంది. కాంట్రాక్టరు బిల్లు పాస్ కావాలంటే పీఎఫ్ కట్టిన చలాన్ జత చేయాలి. కాంట్రాక్టరు ఎగ్గొడితే ఆ భారం అసలు యజమాని మీద పడుతుంది కాబట్టి వాళ్లూ చలాన్ అడుగుతారు. కానీ అడిగేది చలాన్, చూసేది దాని మీది మొత్తం. మూడు చోట్ల మనుషుల్ని పెట్టిన కాంట్రాక్టరు ఒకే ఈసీఆర్ మూడు చోట్లా చూపిస్తే పట్టుకునే ఉపాయం ఒక్కటే: తమ గేటు పాసుల జాబితాని ఆ ఫైల్లోని పేర్లతో వరుస వరుసకీ పోల్చడం. గంట పని. ఆ గంట ఎవరి ఉద్యోగంలోనూ రాసి ఉండదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 జులైలో ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కోసం ఆప్కాస్ అని సొంత సంస్థ పెట్టుకోవడానికి చెప్పిన కారణాల్లో, మధ్య ఏజెన్సీల చేతుల్లో పీఎఫ్, ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) సరిగ్గా జమ కాకపోవడం కూడా ఉంది.

ఈఎస్‌ఐలో ఈ దూరం కాస్త తక్కువ. 21,000 దాకా జీతం ఉన్నవాళ్లకి నెలనెలా ఎక్సెల్ ఫైలు ఎక్కించాలి, అందులో రోజులు, జీతం, రోజులు సున్నా అయితే కారణం కోడ్. సెలవులో ఉన్న మనిషికి మానేశాడన్న కోడ్ పడిందంటే వచ్చే నెల జాబితాలో పేరే ఉండదు. ఆరు నెలల కాలంలో 78 రోజులకి చందా లేకపోతే జబ్బు భత్యం రాదు, కాన్పు భత్యానికైతే అలాంటి రెండు కాలాల్లో కలిపి 70 రోజులు. సనత్‌నగర్ ఆసుపత్రి కౌంటర్ దగ్గరో విశాఖలో డిస్పెన్సరీ దగ్గరో ‘మీ కార్డు పనిచేయడం లేదు’ అన్న మాటతో తప్పు నెలల్లోనే బయటపడుతుంది. అందుకే ఈఎస్‌ఐ తప్పులు దిద్దుకున్నంత తొందరగా పీఎఫ్ తప్పులు దిద్దుకోరు.

ఏం చేస్తే కాస్త నయం

సాఫ్ట్‌వేర్ కొనమన్న సలహా ముప్ఫై మందితో నడిచే యూనిట్‌కి పెద్దగా పనికిరాదు. కొన్నా అందులోకి మొదట ఎక్కించేది ఇదే ఎక్సెల్. అంతకన్నా చవకైన పనులు కొన్నున్నాయి.

అన్నిటికన్నా ఫలితం ఇచ్చేది చేరిన రోజు చూసుకోవడం. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, పాత యూఏఎన్ మూడూ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం కలుస్తుందో లేదో మనిషి ఎదురుగా ఉండగానే తేల్చుకుంటే, తర్వాత పదేళ్లు దాని జోలికి వెళ్లే పని ఉండదు. కలవకపోతే ఆధార్ మార్పించాలా, పీఎఫ్ మార్పించాలా అన్నది ఆరోజే నిర్ణయమవుతుంది. పేరుని మస్టర్ నుంచి కాక ఆధార్ నుంచే తీసుకోవాలి, ‘కె’ని ‘కె’గానే ఉంచాలా విప్పాలా అన్నది గుమాస్తా సొంత తెలివితో తేల్చే విషయం కాదు.

షీట్‌లో యూఏఎన్, ఆధార్, ఖాతా నంబర్ల గడులని ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి. జీతాలని పక్కన అతికించకూడదు, యూఏఎన్‌ని పట్టుకుని లాగే వీలుకప్ ఫార్ములాతోనే తెచ్చుకోవాలి. అప్పుడు వరుసలు జారే ప్రసక్తే ఉండదు. కిందటి నెల ఫైలుతో పోల్చి, ఎవరి జీతం పదో వంతుకి మించి మారిందో, ఎవరు కొత్తగా వచ్చారో, ఎవరు మాయమయ్యారో మూడు చిన్న జాబితాలు తీసుకుంటే నూటయాభై వరుసల్లో చూడాల్సినవి పదో పదిహేనో తేలతాయి. ఇది 10వ తేదీకి చేస్తే కుదురుతుంది, 14న కుదరదు.

ఇక అసలు తనిఖీ చేయగలిగిన మనిషి ఆ వరుస సొంతదారే. జీతం స్లిప్పు మీద పీఎఫ్ కోత ఎంతో అందరూ చూసుకుంటారు. పాస్‌బుక్‌లో అంతే పడిందా అన్నది చూసేవాళ్లు తక్కువ. రిజిస్టరైన ఫోను నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇస్తే చివరి జమ, నిల్వ మెసేజ్‌గా వస్తాయి, స్మార్ట్‌ఫోన్ కూడా అక్కర్లేదు. ఆ రిజిస్టరైన ఫోను ఎవరిదన్నది మళ్లీ ఇంకో ప్రశ్న. అందరి యూఏఎన్‌లకీ సూపర్‌వైజర్ నంబరే ఇచ్చేసిన చోట్లు ఉన్నాయి, ఓటీపీల కోసం మనుషుల్ని వెతుక్కోనవసరం లేకుండా.

ఆ సౌకర్యానికి ఇంకో పార్శ్వం కూడా ఉంది. ఆధార్ కార్డుల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో, మొత్తం ఉద్యోగుల షీట్ నెట్ సెంటర్ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో ‘ఫైనల్ 2’ అన్న పేరుతో పడి ఉండటం మామూలైపోయింది. 2023 డేటా రక్షణ చట్టం భద్రతలో లోపానికి 250 కోట్ల దాకా జరిమానా రాసింది. నెట్ సెంటర్ దాకా ఆ వార్త ఇంకా చేరినట్టు లేదు.

2025 ఆగస్టు నుంచి కొత్త యూఏఎన్‌లు కేంద్ర ప్రభుత్వ ఉమాంగ్ యాప్‌లో ముఖం చూపించి తీసుకోవాలన్న పద్ధతి వచ్చింది. పేరు, పుట్టిన తేదీ, ఫొటో నేరుగా ఆధార్ నుంచే దిగుతాయి, గుమాస్తా కీబోర్డు తాకే పని లేదు. మొదటి రెండు గడుల బెడద అలా కొత్తవాళ్లకైనా తీరుతుంది. మిగిలిన తొమ్మిది గడులు మాత్రం ఎప్పటిలాగే మస్టర్ నుంచి రావాలి. అందులో చివరి నుంచి రెండోది ఇప్పటికీ సూపర్‌వైజర్ బాల్‌పెన్నుతో పెట్టే పీ, ఏ గుర్తుల మీదే ఆధారపడి ఉంది. చెమట చేతులు తగిలి మసకబారిన ఆ కాగితం ఫొటోలో ఒక్కోసారి ఏది పీనో ఏది ఏనో తెలియదు.